మాటల సీటు

పోయిన నెల అత్తిబెలెలో మా చర్చి సంఘంవాళ్ళు కొత్త ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటే, నేనూ మా అమ్మాయీ మడివాళలో కారు బుక్ చేసుకుని బయల్దేరాం. నేను అలవాటు చొప్పున డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాను. సిల్క్ బోర్డు దగ్గర పైవంతెన ఎక్కామో లేదో నా నోరు దానంతట అదే మొదలుపెట్టింది, ఏ ఊరు నాయనా, పొద్దున ఏమన్నా తిన్నావా, రాత్రి సరిగా నిద్రపోయావా అని. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఆ అబ్బాయి చెవుల్లో తెల్లవేవో పెట్టుకుని ఉన్నాడు, నా మాట ఒక్కటీ అతని దాకా పోలేదు. డ్రైవర్లను డిస్టర్బ్ చేస్తే మనకే రేటింగ్ తగ్గుతుందమ్మా, కాసేపు ఊరుకో అంది నా కూతురు. ఊరుకోవడమా! ఇదే రోడ్డు మీద నేను మొదటిసారి ఊరుకున్న రోజు ఏం జరిగిందో తెలిస్తే అది ఆ మాట అనేది కాదు. చెప్పలేదంటారా, వెయ్యిసార్లు చెప్పాను, కానీ కన్నవాళ్ళ కథలు పిల్లల చెవికెక్కవు గదా. అందుకే మీకు చెబుతున్నాను, నా ఈడువాళ్ళకి.

మాది ఒంగోలు వైపు. నర్సింగు పూర్తయిన ఏడాదే పెళ్ళి చేసి బెంగుళూరు పంపారు. మా ఆయన నగర్తపేటలో ఒక ప్రెస్సులో పనిచేసేవారు, శుభలేఖలు, చర్చి క్యాలెండర్లు, పాల డైరీ బిల్లు పుస్తకాలు అన్నీ వేసే ప్రెస్సు. అక్కడ అచ్చు చెడిపోయిన శుభలేఖల కవర్లు కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చేవారు. మూల బంగారు పువ్వుండే గోధుమరంగు కవర్లు. మా ఇంట్లో పాలవాడి చీటీ దగ్గర్నుంచి పిల్ల జాతకం లాంటి టీకాల కార్డు దాకా ప్రతిదీ ఆ పెళ్ళి కవర్లోనే ఉండేది. ఈ కవర్ల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మడివాళ మార్కెట్టు వెనక ఒకటిన్నర గదిలో ఉండేవాళ్ళం. నాకు ఉద్యోగం అత్తిబెలెలో, నట్లూ బోల్టులూ చేసే ఒక ఫ్యాక్టరీలో. ఫస్ట్ ఎయిడ్ గదికి నర్సును నేను. తెగిన వేళ్ళు, కంట్లో పడ్డ ఇనప రజను, మే నెల ఎండకు కళ్ళు తిరిగిన కుర్రాళ్ళు, ఇవే నా లోకం. ఉద్యోగం మంచిదే, నాకొక బల్ల, ఒక కుర్చీ, తెల్ల తెర, నా చేతిరాతతో నిండే రిజిస్టరు, అన్నీ ఉండేవి. చిక్కల్లా దారితోనే. ఇప్పుడీ వంతెనలూ ఆరు వరసలూ చూసేవాళ్ళకు చెప్పినా నమ్మరుగానీ, అప్పటి హోసూరు రోడ్డంటే చాలాచోట్ల నడుమ గోడన్నదే లేని రోడ్డు. ఎదురుగా రాళ్ళ లారీలు, వెనక తమిళనాడు బస్సులు, సందులో టమాటా బుట్టల టెంపోలు, చెక్‌పోస్టు ముందు బారులు తీరిన బళ్ళు. పోవడానికి గంటంపావు, రావడానికి ఎంతో దేవుడికే తెలియాలి. రోజూ ఎక్కడో ఒకచోట రోడ్డు పక్కన గాజుపెంకులు మెరుస్తూ కనిపించేవి, మేం అటు చూడకుండా తలలు తిప్పుకునేవాళ్ళం.

ఫ్యాక్టరీ వ్యానులో పధ్నాలుగు మందిమి. ఆ వ్యానులో ఒక సీటు ఉండేది, సరిగ్గా డ్రైవరు వెనకది. దాన్ని అందరూ మాటల సీటు అనేవారు. అందులో కూర్చున్నవాళ్ళు మడివాళ నుంచి అత్తిబెలె దాకా నోరు ముయ్యకూడదు, అదీ నియమం. డ్రైవరు కునుకు తియ్యకుండా చూడ్డం వాళ్ళ పని. నాకు ముందు ఆ సీట్లో స్టోర్సు పెద్దాయన కూర్చునేవాడట, ఆయన రిటైరయ్యాక ఆరు నెలలు ఎవరూ నిలబడలేకపోయారట. మాట్లాడ్డం సులువనుకుంటారు గానీ తెల్లారకముందే లేచి వచ్చిన మనిషికి గంటంపావు పాటు ఆగకుండా మాట్లాడమంటే ఏడుపొస్తుంది. నేను చేరిన మూడో రోజే నన్ను అందులో కూర్చోబెట్టేశారు. నోటికి తాళం లేదని మా అత్తగారు నన్ను ఎన్నిసార్లు ఆడిపోసుకుందో లెక్కలేదు, ఆ నోరే చివరికి నాకు ఒక పదవి తెచ్చిపెట్టింది.

డ్రైవరన్న చందాపుర మనిషి. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు, మాటలో సగం సీమ యాస, సగం కన్నడం. ముందు అద్దానికి నిమ్మకాయలు కట్టుకుని, స్టీరింగుకు మొక్కి, ఆ తర్వాత వెనక్కి తిరిగి, "ఇంక మీరు మీ దేవునికి చెప్పుకోండి సిస్టరమ్మా, ఇద్దరూ కలిసి చూసుకుంటారు" అనేవాడు. నేను కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసి ఆమెన్ అనేదాకా బండి కదిలించేవాడు కాదు. ఆ తర్వాత నా పని మొదలయ్యేది. నేనేదో ఒకటి చెప్పాలి, ఆయన ఊఁ కొట్టాలి. రెండు మాటలకు ఊఁ రాకపోతే నా టిఫిను క్యారియరుతో ఆయన సీటు వెనక ఇనప కడ్డీ మీద ఠంగుమని ఒకటి కొట్టేదాన్ని, అప్పుడు వ్యానంతా ఉలిక్కిపడి లేచేది.

ఏం చెప్పేదాన్నంటారా? మొదటి నెల మా ఊరి సంగతులు, రెండో నెల మా నర్సింగు హాస్టలు సంగతులు అయిపోయాయి. ఇంక గతిలేక మా మేనత్త పెళ్ళి మొదలుపెట్టాను. నిజానికి అందులో ఏమీ లేదు, మూడో సంబంధానికి కుదిరి పెళ్ళయిపోయింది, అంతే. అంత తొందరగా చేసేస్తే మర్నాడు ఏం చెప్పాలి? అందుకని పెళ్ళివారు దారి తప్పారన్నాను, పెళ్ళికొడుకు గుర్రం మీంచి పడ్డాడన్నాను, మా ఊళ్ళో ఎవరికీ గుర్రం లేకపోయినా. ఒక సంబంధం చూపుల నాడు మా నాయనమ్మ గేదె వచ్చి పెళ్ళికొడుకు తండ్రి పంచె నమిలేసిందన్నది మాత్రం నిజం. అత్తిబెలె గేటు దగ్గర సరిగ్గా పట్టుగా ఉన్నచోట ఆపేసేదాన్ని. సాయంత్రం లేతు మిషను దగ్గరి అబ్బాయిలు కూడా ఫస్ట్ ఎయిడ్ గదిలోకి తొంగిచూసి, ఆ పంచె సంగతి ఏమైంది సిస్టర్ అని అడిగి పోయేవారు. ఆ రోజుల్లో నేనెంత సంతోషంగా ఉండేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది.

అలా ఉండగా రాత్రి షిఫ్టు డ్రైవరు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. మేనేజరు మా డ్రైవరన్నను పిలిచి, పది రోజులు సర్దుకో, ఇంకొకణ్ణి పెడతాం అన్నారట. ఆ పది రోజులు ఐదు నెలలయ్యాయి. అర్ధరాత్రి దాటాక రెండో షిఫ్టువాళ్ళను ఇళ్ళకు దింపి, ఇంటికిపోయి నడుం వాల్చీ వాల్చకముందే లేచి, మళ్ళీ మా కోసం మడివాళకు వచ్చేవాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. "మీ మాట ఆగితే నా కన్ను మూతపడతా ఉండాది సిస్టరమ్మా, ఏదో ఒకటి చెప్తా ఉండండి" అని బతిమాలేవాడు. నర్సును, నిద్రలేకపోతే మనిషి ఒళ్ళు ఏమవుతుందో చదువుకున్నదాన్ని. ఆ చదువు పక్కన పెట్టి, గేదె పంచె నమిలిన కథ చెప్పుకుంటూ పోయాను, అదే మందన్నట్టు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ వానాకాలంలోనే నాకు గొంతు పట్టేసింది. గుసగుస కూడా బయటికి రాదు. చేతులతో సైగలు చేసి, ఇవాళ ఎవరన్నా కూర్చోండని వేడుకుంటే, ఒక అబ్బాయి మొహమాటానికి కూర్చుని బొమ్మనహళ్ళి రాకుండానే తనే నిద్రపోయాడు. నేను వెనక సీట్లో శాలువా కప్పుకుని ఉన్నాను. హెబ్బగోడి దాటాక బండి ఒక పక్కకు మెల్లగా, చాలా మెల్లగా జరగడం నాకు కనిపించింది. అరుద్దామంటే గొంతు లేదు. క్యారియరు అంతకుముందే కిందపెట్టేశాను, చేతికందలేదు. ఎదురుగా బండరాళ్ళ లారీ లైట్లు, చెవులు పగిలేలా హారన్, ఆ తర్వాత మా బండి రోడ్డు దిగి బురదలో ముందు చక్రాలు కూరుకుని నిలబడింది. లారీ మమ్మల్ని రాసుకునే పోయింది, పక్క అద్దం ఊడి లోపల పడింది. వానలో రోడ్డు పక్కన నిలబడి ముగ్గురి నుదుళ్ళకూ ఒకరి వేలికీ కట్లు కట్టాను, తడిసిన గుడ్డకు కట్టిన ముడి మళ్ళీ మళ్ళీ ఊడిపోయింది.

డ్రైవరన్న బురదలో కూలబడి తలపట్టుకున్నాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఎవరు మొదట అన్నారో తెలియదుగానీ, కుక్క అడ్డమొచ్చింది అన్నారు. ఇంకొకరు అవునవును, నల్లకుక్క అన్నారు. అత్తిబెలె చేరేసరికి పధ్నాలుగు మందిమీ ఆ కుక్కను కళ్ళారా చూసినవాళ్ళమే. ప్రమాదాల రిజిస్టరు రాయాల్సింది నేను. ప్రతి ఆదివారం మందిరంలో ముందు వరసలో కూర్చునే నేను, నా చేత్తో, కుక్క అడ్డు రావడం వలన అని రాసి సంతకం పెట్టాను.

అప్పటికి మా అమ్మాయికి మూడేళ్ళు. సాయంత్రాలు మా ఆయన దాన్ని భుజం మీద ఎక్కించుకుని మడివాళ స్టాపులో నా కోసం నిలబడేవారు. ఆ సంగతి జరిగాక అరగంట ముందే వచ్చి నిలబడ్డం మొదలుపెట్టారు. ఆయన మాటలు తక్కువ మనిషి, మా ఇద్దరికీ సరిపడా నేనే మాట్లాడేదాన్ని. నాలుగు రోజులు ఏమీ అనకుండా ఉండి, ఐదో రోజు కంచం ముందు కూర్చుని, ఇంక చాలు, ఆ ఉద్యోగం మానెయ్యి అన్నారు. నాకూ అదే మాట లోపల తిరుగుతోంది. కన్న పిల్లను రోజూ ఆ భుజం మీద ఎదురుచూడనిచ్చి నేనా దారిన పోవడం దేనికి? కానీ నేను మానేస్తే ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు? మాట్లాడేవాళ్ళు లేని ఆ ఒక్కరోజే అంత జరిగింది. నేను ఇంట్లో క్షేమంగా ఉండి, ఏదో ఒక పొద్దున ఆ వ్యాను సంగతి వినాల్సి వస్తే నేను బతకగలనా? నిద్రపట్టేది కాదు నాకు.

చివరికి శనివారం సాయంత్రం రాజీనామా రాశాను. మా ఆయన ఒక్కో మాటా చెబుతుంటే ఇంగ్లీషులో, రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి. అది అయ్యాక మనసు ఆగక అదే బల్ల మీద, తెలుగులో, చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో వెయ్యడానికి ఇంకో కాగితం రాశాను. మా సంఘంలో ఎవరికే కష్టమున్నా కాగితం మీద రాసి ఆ పెట్టెలో వేస్తే, మంగళవారం ఉపవాస కూడికలో మా పాస్టరు అయ్యగారు తీసి చదివి అందరిచేతా ప్రార్థన చేయించేవారు. పేరు చదవొద్దంటే చదివేవారు కాదు. ఆ ధైర్యంతోనే నా గుండెలో ఉన్నదంతా కక్కేశాను. ప్రభువా, ఆ రోజు కుక్క రాలేదు, అదీ మొదటి వాక్యం. ఆయన నిద్రపోయాడని రాశాను, ఐదు నెలలుగా రెండు డ్యూటీలు చేస్తున్నాడని, మేమంతా అబద్ధం ఆడామని, నేను ఉద్యోగం మానేస్తున్నానని, నా సీట్లోకి వాగుడుకాయ ఒకరిని పంపించమని, పధ్నాలుగు మంది పేర్లూ వరసగా రాసి వీళ్ళను కాపాడమని రాశాను. రెండు కాగితాలూ రెండు పెళ్ళి కవర్లలో పెట్టి అంటించాను. ఆదివారం ఒకటి పెట్టెలో వేశాను. సోమవారం మేనేజరు ఊళ్ళో లేకపోతే రెండోది ఆయన బల్ల మీద గాజు గుండు కింద పెట్టి వచ్చాను.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం మంగళవారం సాయంత్రం దాకా కాలేదు. కూడికలో అయ్యగారు పెట్టె తెరిచి, బంగారు పువ్వు కవరు చించి, కళ్ళజోడు సర్దుకుని, రెస్పెక్టెడ్ సర్ అని చదివారు. చదివి, ఇంగ్లీషు రానివాళ్ళ కోసం భక్తిగా తెలుగు కూడా చేశారు. దూరం వలనను, ప్రయాణ భయం వలనను నేను మీ సేవ నుండి విరమించుకొనుచున్నాను అని. ఎవరో సహోదరి దేవుణ్ణే వదిలేస్తోంది అనుకుని పెద్దవాళ్ళు ఇద్దరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. అయ్యగారు ఈ బిడ్డను వెనక్కి రప్పించు ప్రభువా అని ఆవేశంగా ప్రార్థన అందుకున్నారు. పక్కన మా ఆయన భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వాపుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇది ఇక్కడుందంటే అది అక్కడుంది.

మర్నాడు పొద్దున మడివాళ స్టాపుకు వ్యాను వచ్చింది. నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. స్టీరింగు దగ్గర ఎవరో కొత్త మనిషి. మా డ్రైవరన్నను నిన్న సాయంత్రమే పనిలోంచి ఆపేశారని అతనే చెప్పాడు. వ్యానులో ఎవరూ మాట్లాడలేదు, నేను కూడా.

దిగీ దిగగానే మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన కన్నడిగుడు, తెలుగు వింటే అర్థమయ్యే పెద్దమనిషి. కవరు బల్ల మీదే ఉంది. ఎవరిదో పెళ్ళి అనుకుని సంతోషంగా విప్పారట. మన అక్షరాలూ వాళ్ళ అక్షరాలూ అక్కచెల్లెళ్ళ లాంటివి గదా, అదే నా ప్రాణానికొచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివేశారు. ఇది తనకు రాసింది కాదని మొదటి వరసలోనే తెలిసింది, తెలిసీ చదివాను, అది నా తప్పు అన్నారు. కానీ చదివాక, నిద్రపోయి బండి రోడ్డు దింపిన మనిషిని ఎలా ఉంచను అన్నారు. నాకెక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం, ఆయన్ని తీసేస్తే కుక్క అని రిజిస్టరులో రాసిన నన్నూ తీసెయ్యండి, పది రోజులని చెప్పి ఐదు నెలలు రెండు డ్యూటీలు వేసింది ఎవరో వాళ్ళు కూడా ఆలోచించుకోవాలి అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. కాగితం మడిచి కవర్లో పెట్టారు. ఆ తర్వాత, మానేస్తున్నానని రాశారు గదా, మీ రాజీనామా ఏది అని అడిగారు. చర్చిలో ఉంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు, మీరు పనికి వెళ్ళండి అన్నారు.

ఆ సాయంత్రం చందాపురలో దిగిపోయి, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ డ్రైవరన్న ఇల్లు పట్టుకున్నాను. కాళ్ళమీద పడైనా సరే, పొరపాటు జరిగిందని చెప్పాలని. ఆయన భార్య గడపలోనే నన్ను ఆపింది. "పనుకోనుండాడమ్మా. నిన్న సాయంత్రం వచ్చి పనుకున్నోడు, ఒకసారి లేసి సంగటి తిని మళ్లీ పనుకున్నాడు. లేపొద్దు" అంది. తలుపు సందులోంచి చూశాను. చాప మీద బోర్లా పడి, నోరు తెరుచుకుని, గోడలదిరేలా గురకపెడుతున్నాడు. ఐదు నెలల నిద్ర. నేను చేసింది ఆయనకు ద్రోహమని అనుకుంటూ వచ్చినదాన్ని, ఆ గురక వింటూ నిలబడితే నాకు ఏమనుకోవాలో తెలియలేదు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, లేపకుండానే తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, ఇప్పుడు మానలేనని. నా చేతిరాత వల్ల ఒక మనిషి పని పోయింది, ఆయన మళ్ళీ ఆ స్టీరింగు ముందు కూర్చునేదాకా నేను అక్కడే ఉండాలని. ఆయన ఊఁ అని కూడా అనలేదు. నాకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. మర్నాడు సాయంత్రం స్టాపులో పిల్లతో నిలబడి, నేను దిగగానే జేబులోంచి పొట్లం తీసి చేతిలో పెట్టారు. మిరియాలు, పటికబెల్లం. గొంతు పట్టకుండా బుగ్గన పెట్టుకో అన్నారు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ పొట్లం అయిపోకుండా చూశారాయన.

ఎనిమిది రోజులకు డ్రైవరన్న తిరిగి వచ్చాడు. రాత్రి డ్యూటీకి వేరే మనిషిని పెట్టారు. కళ్ళు తెల్లగా, మొహం తేటగా ఉన్నాడు, కానీ నా వైపు చూడలేదు. నేను కవర్ల సంగతి చెప్పుకున్నాను. అంతా విని, "దేవునికి చెప్పుకునేది తప్పు కాదు సిస్టరమ్మా. పదమూడు మంది నాకోసరం కుక్క ఉండాదనిరి. మీరొక్కరే లేదని రాస్తిరి. అదే నాకు బేజారు" అన్నాడు. బండి తీస్తూ, "ఇప్పుడు బాగా నిద్రపోతా ఉండాను. మీరు మాట్లాడే పన్లేదు" అన్నాడు. నిజమే, అంతకంటే నాకు కావలసింది ఏముంది? ఆయన నిద్రపోవాలనే గదా నేను అంత రాసింది. అయినా ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది.

నెలరోజులు ఆ సీట్లో నోరు మూసుకుని కూర్చున్నాను. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ. బండి ఎంత చక్కగా పోయేదో, ఒక కుదుపు లేదు. ప్రార్థన కోసం మాత్రం ఆగేవాడు, నా ఆమెన్ విన్నాకే కదిలించేవాడు, ఒక్క మాట లేకుండా. ఇంక ఇక్కడ నా అవసరం లేదు, ఆయన వచ్చేశాడు, నేను మానెయ్యొచ్చు అనుకున్నాను. అమ్మగారు, అంటే మా అయ్యగారి భార్య, నా రాజీనామా కవరు ఎప్పుడో తిరిగి ఇచ్చేశారు. దాన్ని మళ్ళీ చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరాను ఒక పొద్దున. బొమ్మసంద్ర దగ్గర లారీ ఏదో అడ్డం పడి బళ్ళన్నీ ఆగిపోయాయి. పావుగంట అయింది, ఇంజను ఆపేశాడు. వెనక అందరూ కునుకుతున్నారు. డ్రైవరన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

"మీ మేనత్తకు పెండ్లి ఆయెనా లేదా అమ్మా?"

నాకు కళ్ళు నిండిపోయాయి. ఎక్కడ ఆపాను అన్నాను. "పంచె నమిలినాక" అన్నాడు. బుగ్గన మిరియాలు పెట్టుకుని మొదలుపెట్టాను. ఆయన ఊఁ అన్నాడు. వెనకనుంచి ఎవరో, ఇంకొంచెం గట్టిగా సిస్టర్ అన్నారు. ఆ రోజు సంచిలోంచి ఆ కవరు తియ్యలేదు. ఇప్పటికీ మా కుట్టుమిషను సొరుగులో ఉంది.

పదకొండేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోతే అప్పుడు మానేశాను. ఆఖరి రోజు వెళ్ళేటప్పుడు మా మేనత్తకు పెళ్ళి చేసేశాను, అత్తిబెలె గేటు ముందు, పధ్నాలుగు మందీ వింటుండగా. డ్రైవరన్న బండి ఆపి, అక్షింతలు లేవని అద్దానికున్న చేమంతి దండలో రెండు రేకులు తుంచి నా తలమీద వేశాడు, ఆమె తరఫున. ఆయన ఇప్పుడు లేడు. ఇంట్లో, తన చాప మీద, నిద్రలోనే పోయాడని ఆయన భార్య ఫోనులో చెప్పింది. ఆ మాట విని నేను ఏడ్చాను, కానీ లోపల ఎక్కడో, ఆ నిద్ర ఆయనకు దొరికినందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

ఇదంతా పోయిన నెల ఆ కారులో చందాపుర వచ్చేసరికి నా కళ్ళముందు తిరిగింది. మా అమ్మాయి ఫోనులో మునిగిపోయింది. అద్దంలో ఆ అబ్బాయి కళ్ళు కనిపించాయి. ఆ ఎరుపు నాకు తెలుసు, నర్సుగా తెలుసు, ఆ సీట్లో కూర్చున్నదానిగా ఇంకా బాగా తెలుసు. రేటింగు తగ్గితే తగ్గిందనుకుని ముందుకు వంగి ఆ అబ్బాయి భుజం తట్టాను. చెవిలోది ఒకటి తీశాడు. ఎప్పుడు నిద్రపోయావు నాయనా అన్నాను. తెలుగులోనే, మదనపల్లె దగ్గర మాది అమ్మా, నిన్న మధ్యాహ్నం యాప్‌లో లాగిన్ అయినాను, ఇంకా ఆపలేదు అన్నాడు. మా అమ్మాయి ఫోను మీంచి తలెత్తింది, ఈసారి గిల్లలేదు. నేను ఇంకేమీ అడగలేదు. మాకొక మేనత్త ఉండేది నాయనా, ఆమె పెళ్ళిచూపుల నాడు ఏమైందో తెలుసా అని మొదలుపెట్టాను. ఊఁ అన్నాడు.

కానీ ఆ రోడ్డు ఇప్పుడు ఎంత చిన్నదైపోయిందో! గేదె ఇంకా కట్టు తెంచుకోనే లేదు, అత్తిబెలె వచ్చేసింది. దిగుతుంటే ఆ అబ్బాయి వెనక్కి తిరిగి, ఆమెకు పెండ్లి అయిందా అమ్మా అని అడిగాడు. ఇంటికిపోయి పడుకో, లేచాక చెబుతాను అన్నాను. నవ్వాడు. అంతలోనే ఫోను టింగుమంది, ఇంకో ట్రిప్పు. చెవిలోది మళ్ళీ పెట్టుకుని, హోసూరు వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. మా రోజుల్లో ఆ రోడ్డుకు నడుమ గోడ లేదు, ఇప్పుడుంది. ఆ పధ్నాలుగు మంది పేర్లు నాకు ఈనాటికీ వరసగా వచ్చు. ఈ అబ్బాయి పేరు మా అమ్మాయి ఫోనులో ఉండే ఉంటుంది, నేను అడగలేదు. ఈ ఆదివారం మనవుల పెట్టెలో వెయ్యడానికి కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, ఏ పేరు రాయాలో తెలియక, మదనపల్లె అబ్బాయి, వెనక సీటు ఖాళీగా ఉంది అని రాశాను.